మనాది, బుగులు, గాలి: మనస్సునకు కలుగు జబ్బులను గుర్తుపట్టుట

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 1:9–18, 1 రాజులు 19:1–8



ఈ నెల పాఠమునకు మేము ఏర్పరచుకొన్న రెండు భాగములును మీరు ఆదివారపు బడి నాటినుండి ఎరిగినవే. మొదటిదానిలో హన్నా షిలోహు మందిరమునకు వచ్చినది. ఏండ్ల తరబడి ఏడ్చి, అన్నము మాని, మనస్సు నలిగి వచ్చిన స్త్రీ. ఆమె పెదవులు కదలుచున్నవి గాని స్వరము వినబడుటలేదు. యాజకుడైన ఏలీ ద్వారబంధము నొద్ద కూర్చుండి ఆమె నోటిని కనిపెట్టి చూచెను. చూచి, ఈమె త్రాగి వచ్చినదని తీర్పు చెప్పెను. ఏలీ చెడ్డవాడు కాడు. దేవుని సేవలో తల నెరసినవాడే. గురుతులను చూచెను గాని వాటిని తప్పుగా చదివెను. ఆమె నోరు విప్పి తన బాధ చెప్పుకొనిన తరువాత గాని అతని మాట మారలేదు.

మన పల్లెలలో సంఘపెద్దలు, బోధకులు, ఇంటి యజమానులు నేటికిని ఏలీ కూర్చున్న చోటనే కూర్చుండియున్నారు. మన యెదుటకు వచ్చు ముఖములను చూచి ఒకనిని సోమరి అందుము, ఒకనిని విశ్వాసములో చల్లారినవాడందుము, ఒకతెకు గాలి సోకినదందుము. జ్వరము వచ్చినయెడల నుదుటిమీద చెయ్యి పెట్టి చూచుట చిన్నపిల్లలకు సహితము తెలియును. మనస్సునకు జబ్బు వచ్చినప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టి చూడవలెనో మనకు నేర్పినవారు తక్కువ. అది కొంతవరకు నేర్చుకొనుటకే ఈ పాఠము.

మొదట మన మాటలను గూర్చి ఒక సంగతి. దౌల్తాబాదు చుట్టుపట్ల, దుబ్బాక, గజ్వేలు, తూప్రాను వైపు కూడ, మన అవ్వలకు మనస్సు బాధలను చెప్పుటకు చక్కని మాటలున్నవి. దుఃఖము లోపల పాతుకొని మనిషిని తినివేయుచున్నయెడల "మనాది పెట్టుకున్నడు" అందురు. విడువని చింతను "రంది" అందురు. కారణము లేక గుండె జారిపోవుచున్నయెడల "బుగులైతాంది" అందురు. పట్టణపు పుస్తకములు కుంగుబాటు అనియు, ఆందోళన అనియు పేర్లు పెట్టకముందే మన ఊళ్లవారు ఈ బాధలను వేరువేరుగా ఎరిగియున్నారు. అయితే ఇవి జబ్బులని మాత్రము ఎవరును తలంపరు. అది వాని గుణమందురు, కాలము గడిచిన పోవునందురు. ఇంతకంటె పెద్ద జబ్బులు వచ్చినప్పుడు మన భాష ఒక్కసారిగా మారిపోవును. అప్పుడు గాలి, దయ్యము, చేతబడి, బాణామతి అను పేర్లు వచ్చును. చిన్నవి జబ్బులు కావు, పెద్దవియు జబ్బులు కావు. ఇక డాక్టరునకు చోటెక్కడ?

2015–16లో బెంగుళూరు నిమ్హాన్సు వారు దేశములోని 12 రాష్ట్రములలో ఇల్లిల్లు తిరిగి విచారణ చేసిరి. మన రాష్ట్రము వాటిలో లేదు గాని ఆ లెక్క మనకును బుద్ధి చెప్పునట్టిదే. 18 ఏండ్లు దాటినవారిలో 100కు 10 లేక 11 మందికి ఆ సమయమున ఏదో యొక మనస్సు జబ్బు ఉండెను. జబ్బును బట్టి వారిలో 100కు 70 మొదలు 92 మంది వరకు ఏ వైద్యమును పొందుచుండలేదు. అనగా పెద్దవారు 200 మంది కూడు సంఘములో 20 మందిని గూర్చి మనము మాటలాడుచున్నాము. వారు ఎక్కడో లేరు, మన చాపలమీదనే కూర్చుండియున్నారు.

మనాదిని గూర్చి

దుఃఖము జబ్బు కాదు. పంట పోయినవాడు ఏడ్చును, బిడ్డను పాతిపెట్టిన తల్లి నెలల తరబడి ఏడ్చును. అది జబ్బని చెప్పువాడు మనిషి కాడు. జబ్బైన మనాదికి వేరే గురుతులున్నవి. రెండు ప్రశ్నలు అడిగి చూడుడి. గడచిన రెండు వారములలో దాదాపు ప్రతిదినమును, దినమెల్లను మనస్సు కుంగియున్నదా? మునుపు ఇష్టమైన పనిమీద, మనుమలమీద, పాటలమీద, తిండిమీద ఇష్టము చచ్చిపోయినదా? ఈ రెంటిలో ఒకదానికైనను అవునని జవాబు వచ్చినయెడల తక్కినవి కూడ చూడవలెను. నిద్ర పట్టకపోవుట, ముఖ్యముగా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మరల కన్ను మూతపడకపోవుట. లేదా పగలు రాత్రి నిద్రపోవుచుండుట. అన్నము సహించక చిక్కిపోవుట. ఏ పనియు చేయకమునుపే అలసట. మాటయు నడకయు మందగించుట. చిన్న లెక్క కూడ తెగకపోవుట. నేను పనికిమాలినవాడను, అందరికిని బరువైతిని అను తలంపు. తుదకు, చచ్చిపోయిన బాగుండునను కోరిక. వీటిలో అయిదారు కూడి రెండు వారములు దాటి నిలిచి, మనిషిని పొలము పనికిని ఇంటి పనికిని రాకుండ చేసినయెడల అది రంది కాదు, రోగమే.

అయితే మన పల్లెవారు "నా మనసు కుంగినది" అని వచ్చి చెప్పరు. తల బరువందురు, ఒళ్లంతా మంటలందురు, తిమ్మిర్లందురు, కడుపులో గడ్డ తిరుగుచున్నదందురు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు నీరసమని సెలైను బాటిలు ఎక్కించును. బాటిలు ఎక్కిన దినము కొంత నెమ్మది, మరునాడు మరల అంతే. ఇట్లు ఆరు నెలలు బాటిళ్లకును స్కానింగులకును అప్పులు చేసి, "ఏ రోగము లేదన్నరు" అని తిరిగి వచ్చిన స్త్రీలను మా సంఘములలో చూచుచున్నాము. పరీక్షలలో ఏమియు కనబడనప్పుడు మనాదిని గూర్చి అడుగవలెను.

ఇప్పుడు ఏలీయా యొద్దకు రండి. కర్మెలు కొండమీద అంత జయము పొందినవాడు, ఒక స్త్రీ బెదిరింపునకు పారిపోయి, తన దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, ఒక చెట్టు క్రింద కూర్చుండి చావు కోరెను. తన పితరులకంటె తాను మంచివాడను కానని చెప్పుకొనెను. ఇప్పుడు చెప్పిన గురుతులతో పోల్చి చూచుకొనుడి: ఒంటరితనము, పనికిమాలినవాడనను తలంపు, మరణాపేక్ష, నిద్ర. దేవుడు అతనికి ఏమి చేసెను? అవిశ్వాసివని గద్దించెనా? దూతను పంపి తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెయు నీళ్లును ఇచ్చెను. తిని మరల పండుకొనెను. పండుకొననిచ్చెను. రెండవసారి లేపి మరల తినిపించెను. హోరేబులో మాటలాడుట తరువాతి సంగతి. మనము మాత్రము మంచము పట్టినవాని యొద్దకు వెళ్లి మొదటి మాటగా ప్రసంగము చేయుదుము, "ఎప్పుడును సంతోషించవలెనని వ్రాయబడలేదా" అని. అది విని వాడు తన జబ్బుకు తోడు పాపభారమును కూడ నెత్తిన పెట్టుకొనును.

విశ్వాసము బలముగా ఉన్నవానికి ఈ జబ్బు రాదనువారు విలియం కౌపరు చరిత్ర చదువవలెను. ఇంగ్లాండులో 1731లో పుట్టిన ఈ కవి 1763లో మనాది ముదిరి ప్రాణము తీసుకొనబోయెను. సెంట్ ఆల్బన్సు పట్టణమున డాక్టరు నథానియేలు కాటను ఆసుపత్రిలో అతనిని చేర్చిరి; అక్కడ వైద్యము పొందుచు వాక్యము చదువుచుండగానే అతనికి మారుమనస్సు కలిగెను. అంతటితో జబ్బు పోయెనా? 1773లో మరల వచ్చెను, 1800లో మరణమగువరకు వచ్చుచు పోవుచునేయుండెను. 1779లో జాన్ న్యూటనుతో కలిసి అతడు ప్రకటించిన కీర్తనలను లోకమెల్లయు పాడుచున్నది.

బాలింతలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. కాన్పు అయిన మూడవ నాలుగవ దినమున ఊరకనే కన్నీళ్లు వచ్చుట చాలమందికి ఉండును. రెండు వారములలో అదే పోవును. పోక నిలిచి, బిడ్డను ఎత్తుకొనుటకు కూడ మనస్సు రాకపోయిన అది మనాది. ఇంతకంటె భయంకరమైనది మరియొకటి కలదు. వేయి కాన్పులలో ఒకరికో ఇద్దరికో, తరచుగా మొదటి రెండు వారములలోనే, నిద్ర పూర్తిగా పోయి, పొంతనలేని మాటలు వచ్చి, ఈ బిడ్డ నా బిడ్డ కాదనియు, బిడ్డలో ఏదో ఉన్నదనియు అనుట మొదలగును. అప్పుడు అత్తలు గాలి సోకినదని వేపమండలు తెత్తురు. అమ్మలారా, వేపమండలకు పోవు ఆ ఒక్క రాత్రిలో తల్లి ప్రాణమో బిడ్డ ప్రాణమో పోవచ్చును. బిడ్డను తల్లి యొద్ద ఒంటరిగా విడువక ఆ దినమే ఆసుపత్రికి తీసికొని పోవలెను. వైద్యము అందినయెడల ఈ జబ్బు వారములలో కుదురును, తల్లి తన బిడ్డకు తానే పాలిచ్చును.

బుగులును గూర్చి

ఒక విధమైన బుగులు దినమెల్ల ఉండును: బిడ్డ బడికి పోయిన ఏమగునో, మొగుడు బండిమీద పోయిన ఏమగునో. నెలల తరబడి నిలిచి, మెడ నరములు పట్టి, నిద్ర చెడి, చీటికిమాటికి కసురుకొనుటగా కనబడును. మరియొక విధము పిడుగువలె పడును. సంతలోనో, బస్సులోనో, ఆరాధన నడుమనో ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొనును, ఊపిరి ఆడదు, చెమటలు పోయును, చేతులు జిల్లుమనును, చచ్చిపోవుచున్నానని కేక వేయును. కొద్ది నిమిషములలో అది శిఖరమునకు చేరి, సాధారణముగా అరగంటలోపల దిగిపోవును. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించుట న్యాయమే. ఛాతి నొప్పిని ఎన్నడును తేలికగా తీసికొనరాదు. గుండె బాగుగా ఉన్నదని తేలిన తరువాతను మరల మరల వచ్చినయెడల, మరల వచ్చునేమోయని సంతకు, మందిరమునకు పోవుట మానినయెడల, అది బుగులు జబ్బే. దీనికి మందును, మాటల ద్వారా చేయు చికిత్సయు రెండును ఉన్నవి. మందుల దుకాణములో అడిగి కొనుక్కొను నిద్రమాత్రలు మాత్రము వలదు. అవి బుగులును కొన్ని గంటలు కప్పి, తామే అలవాటై కూర్చుండును.

భక్తిగలవారిని విశేషముగా పీడించు జబ్బు ఒకటి ఉన్నది. దానికి మన ఊళ్లలో పేరు కూడ లేదు. తనకు ఇష్టము లేని ఒక తలంపు మనస్సులో దూరి తిరుగలివలె తిరుగుచుండును. కొందరికి అది మైలను గూర్చినది: చేతులు చర్మము ఊడునంతగా కడుగుదురు. కొందరికి అనుమానము: తాళము పది మారులు లాగి చూతురు. మరికొందరికి, ప్రార్థనలో మోకరించిన క్షణముననే దేవదూషణయైన మాటయో అసహ్యమైన బొమ్మయో మనస్సులో మెదలును. వారు వణకిపోయి, క్షమింపబడని పాపము చేసితినని మా యొద్దకు వచ్చి, ఓదార్పు పొంది వెళ్లి, మరునాడే అదే ప్రశ్నతో తిరిగి వత్తురు. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యను 1666లో ప్రచురించిన తన సాక్ష్యములో, క్రీస్తును అమ్మివేయుమను తలంపు రేయింబవళ్లు తన్ను వెంటాడినట్లు వ్రాసెను. ఇప్పటి వైద్యులలో పలువురు దానిలో ఈ జబ్బు గురుతులనే చూచుచున్నారు. దూషణయందు ఇష్టముగలవాడు దానికి వణకడు. వణకువానికి కావలసినది పదకొండవసారి పాపపు ఒప్పుకోలు కాదు, వైద్యము.

కల్లు మానినవానికి వచ్చు కలవరము

ఇది మా ప్రాంతమున తరచుగా జరుగునది గనుక దీనిని గూర్చి కొంత ఎక్కువగా వ్రాయుచున్నాము. దినమెల్ల త్రాగు అలవాటున్న సహోదరుడు సువార్త కూటములలో కన్నీటితో లేచి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొనును. సంఘమెల్ల స్తోత్రము చేయును. మరునాడు చేతులు వణకును, చెమటలు పట్టును, వాంతులగును. మొదటి రెండు దినములలో ఫిట్సు రావచ్చును. రెండవ, మూడవ, నాలుగవ దినములలో నిద్ర లేక, ఉన్న చోటు తెలియక, గోడలమీద పురుగులు ప్రాకుచున్నవనియు, వాకిట ఎవరో కత్తులు పట్టుకొని నిలిచియున్నారనియు కేకలు వేయును. లేనివాటిని చేతులతో ఏరుచుండును. అప్పుడు సంఘమువారు, వీడు రక్షణ పొందినందున సాతాను తిరుగబడెనని చెప్పి, వానిని నడుమ పెట్టి, తలుపులు మూసి, ఉపవాస ప్రార్థన ఆరంభింతురు. నీళ్లు కూడ ఇయ్యరు. అది సాతాను కాదు. ఏండ్ల తరబడి మత్తుకు అలవాటుపడిన మెదడు, ఆ మత్తు ఒక్కసారి ఆగిపోగా అదుపు తప్పి కొట్టుకొనుచున్నది. వైద్యము లేనియెడల కొందరు దీనిలో మరణింతురు.

మన రాష్ట్రమంతయు ఈ సంగతిని 2015 సెప్టెంబరులో కన్నులార చూచినది. కల్తీ కల్లును ప్రభుత్వము ఆపివేయగా, నిజామాబాదు, మహబూబునగరు మొదలగు జిల్లాలలో దానికి అలవాటైనవారు వందల కొలదిగా ఫిట్సుతోను, మెడలు వంకరపోయి, పిచ్చి చూపులు చూచుచును ఆసుపత్రులకు వచ్చిరి. కొందరు చనిపోయిరి. ఆ కల్లులో తాటి చెట్టుదియు ఈత చెట్టుదియు తక్కువ. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు ఎక్కువ. తాగువానికి తాను కల్లునకు కాక మాత్రలకు అలవాటైతినని తెలియనే తెలియదు. ఒక్కసారిగా ఒక మండలమునందలి మనుష్యులందరిని దయ్యము పట్టదు గదా.

కావున ఎవడైనను మానుటకు తీర్మానించుకొన్న దినముననే, చేతులు వణకకముందే, వానిని డాక్టరునొద్దకు తీసికొని పోవుట మన పని. ఆ కొద్ది దినములకు మాత్రలును, బి1 విటమినును ఇచ్చి, ప్రమాదము లేకుండ మాన్పించుదురు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్సు వచ్చినవాడైనయెడల ఆసుపత్రిలో పడకమీదనే మానవలెను. ఒట్టు పెట్టించి ఇంటికి పంపుట సగము పని కూడ కాదు.

గాలి అనియు బాణామతి అనియు పిలుచునవి

మతి తప్పు పెద్ద జబ్బు చాలవరకు పడుచు వయస్సున, ఇరువది ఏండ్లకు అటునిటు మొదలగును. మొదలు గొప్పగా ఉండదు. బాగుగా చదువు పిల్లవాడు చదువు మానును, స్నేహితులను మానును, స్నానము మానును. గదిలో తనలో తాను మాటలాడుకొనును, నవ్వుకొనును. ఎవరును లేనిచోట మనుష్యుల స్వరములు స్పష్టముగా విను చుండును. ఆ స్వరములు తిట్టును, ఆజ్ఞాపించును. అన్నములో విషము కలిపిరనును, తన తలంపులు టీవీలో చెప్పుచున్నారనును. ఎంత చెప్పినను నమ్మడు, ఏలయనగా అతనికి అది అనుమానము కాదు, కన్నులెదుట జరుగుచున్న సంగతి. వాదించిన లాభము లేదు. "నీకు భయమగుచున్నది, మేము నీ యొద్దనే ఉన్నాము" అని చెప్పుట మేలు. నెలలకొలది ఆలస్యము చేసిన కొలది నయము చేయుట కష్టమగును.

ఇంకొక జబ్బు దీనికి మారుగా ఉబ్బి వచ్చును. వారము దినములు దాటి, రెండు మూడు గంటల నిద్రతోనే అలసట లేక తిరుగుట, ఆపలేని మాట, ఆపలేని పాట, ఉన్న డబ్బంతయు పంచిపెట్టుట, ప్రధానమంత్రికి ఉత్తరములు వ్రాయుట, నేను ప్రవక్తను అనుట. మందిరములో ఇట్టివానిని గుర్తుపట్టుట కష్టము. ఆత్మపూర్ణుడైనాడని ముందు వరుసలో కూర్చుండబెట్టుదుము. కొన్ని వారములకు అదే మనిషి మనాదిలో పడి గోడవైపు తిరిగి పండుకొనును. 1949లో ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు జాన్ కేడు లిథియము అను ఒక ఉప్పు ఈ జబ్బును అణచునని కనుగొనెను. మతి తప్పినవారికి పనిచేయు మొదటి మందును 1952లో పారిసు వైద్యులు వాడుకలోనికి తెచ్చిరి. ఒక ఉప్పునకును ఒక మాత్రకును లోబడునది దయ్యమగునా?

దయ్యములు లేవని మేము బోధించుటలేదు. అయితే మత్తయి 4:24 తెరచి చూడుడి: దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని అక్కడ ఒక్కొక్కరిగా లెక్కించెను, అందరిని ఒక్క గంపలో వేయలేదు. మన పాత మెదక్ జిల్లాలో 1980లలో బాణామతి అను పేరిట గొప్ప కలవరము పుట్టి, స్త్రీలు కుక్కలవలె మొరుగుచు, ఒళ్లు విరుచుకొనుచుండగా, వైద్యులును మనస్తత్వ శాస్త్రజ్ఞులును గ్రామములకు వెళ్లి అట్టివారిని పరీక్షించిరి. అట్టివారిలో వైద్యులు గుర్తించినది మంత్రము కాదు. అనేకులు నోటితో చెప్పుకొనుటకు వీలులేని బాధను ఒంటితో చెప్పుచున్నవారు; కొందరు మనాదియు బుగులును గలవారు; కొందరు మతి తప్పిన జబ్బు గలవారు. ఇంటిలో మాట చెల్లని కోడలికి మొరుగునప్పుడు మాత్రమే ఇల్లంతయు చెవి యొగ్గినది. ఆమె నటించుచున్నదని కొట్టరాదు. అది ఆమె కావలెనని చేయునది కాదు. ఇంతకంటె ఘోరమేమనగా, ఆమెకు మంత్రము పెట్టినవాడని చెప్పి పొరుగున ఉన్న ముసలివానిమీదనో విధవరాలిమీదనో ఊరు పడుట. ఇట్టి అనుమానముతో మనుష్యులను చంపిన వార్తలు మన ప్రాంతపు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. గుర్తింపబడని ఒక జబ్బు రెండు ఇండ్లను పాడుచేయును.

గొలుసులను గూర్చి కూడ. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో, భూతవైద్యము కొరకు తెచ్చి గొలుసులతో కట్టివేసిన రోగులున్న పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. పరుగెత్తుటకు వారి కాళ్లకు వీలులేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనస్సు జబ్బు గలవారిని ఏ విధముగాను గొలుసులతో కట్టరాదని చెప్పుచున్నది. ఆ చట్టము మందిరములకును, స్వస్థత కూటములు జరుపు తోటలకును వర్తించును.

ముసలివారిని గూర్చి ఒక మాట. మెల్లమెల్లగా ఏండ్లకొలది మరపు పెరిగి, ఇంటి దారి తప్పుట ఒక జబ్బు. నిన్నటివరకు బాగుగా ఉండి ఈ దినము ఉన్నట్టుండి పలవరించుట వేరు. అది ఒంటిలో జ్వరమో, చక్కెర తగ్గుటయో, లవణములు తగ్గుటయో అయియుండును, ఆలస్యము చేయరాదు.

చావు మాట వచ్చినప్పుడు

2022లో మన దేశమున ప్రాణము తీసుకొన్నవారు, ప్రభుత్వ లెక్క ప్రకారము, 1,70,924 మంది. "నేను లేకున్నా మీరు బతుకుతరు" అనుట, అప్పుల చీటీలు సర్దిపెట్టుట, ఇష్టమైన వస్తువులు ఇచ్చివేయుట, చాలకాలము కుంగినవాడు కారణము లేక నెమ్మదిగా కనబడుట గురుతులు. అడిగినయెడల లేని తలంపు పుట్టించినవారమగుదుమని భయపడకుడి. "చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?" అని సూటిగా అడుగవచ్చును, అడిగినందువలన తలంపు పుట్టదు, పెక్కుమందికి బరువు దిగును. అవునని చెప్పినయెడల ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుల మందు ఆ పూటనే వేరొక ఇంటికి చేర్చవలెను. ఆ తలంపు అలవలె వచ్చి పోవును, అది పోవువరకు డబ్బా చేతికి అందకుండుట ఎన్నో ప్రాణములను కాపాడినది. ఒకవేళ మందు త్రాగియే యున్నయెడల పోలీసు కేసు భయముతో దాచిపెట్టకుడి. ప్రాణము తీసుకొనబోయినవాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడని ఎంచి శిక్షింపకూడదని అదే 2017 చట్టము చెప్పినది. పాత శిక్షాస్మృతిలోని ఆ నేరము 2024 జూలై 1నుండి అమలైన కొత్త చట్టములో లేదు.

ఎక్కడికి పోవలెను?

టెలి మానస్ అను ఉచిత ఫోను సహాయమును 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ఆరంభించినది. నంబరు 14416. రాత్రి పగలు తెలుగులోనే మాటలాడుదురు. ఈ నంబరును మందిరపు తలుపు లోపలివైపున సున్నముమీద పెద్దగా వ్రాయించుడి. మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు మొదట చూపవచ్చును. సిద్ధిపేట ప్రభుత్వ వైద్య కళాశాల 2018లో వచ్చినది. దానికి చేరిన పెద్ద ఆసుపత్రిలో మనస్సు జబ్బుల డాక్టరు విభాగమును అడుగుడి. జబ్బు ముదిరినచో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి కలదు. ఎర్రగడ్డ అను మాటను మనము తిట్టుగా వాడుకొని వాడుకొని, అక్కడికి పోవలసినవాడు సిగ్గుతో పోకుండ చేసితిమి. పిల్లల నోట ఆ మాట ఆ విధముగా వచ్చినప్పుడు ఆపవలెను.

హిజ్కియా మరణకరమైన రోగమున పడి ప్రార్థన చేసినప్పుడు దేవుడు ఆలకించెను. అదే అధ్యాయమున అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టుమని ప్రవక్త చెప్పెను. ప్రార్థన ముగించి బస్సెక్కుడి; బస్సులో కూడ ప్రార్థన చేయవచ్చును.

వెళ్లునప్పుడు ఒక కాగితముమీద ఈ సంగతులు వ్రాసికొని పోవుడి: ఎప్పటినుండి, మొదట ఏమి మారినది, నిద్ర ఎన్ని గంటలు, అన్నము ఎంత, ఏ స్వరములు ఏ అనుమానములు, కల్లు సారా అలవాటు, చావు మాట అనెనా, ఇంటిలో మునుపు ఎవరికైన ఇట్లుండెనా, ఇప్పటివరకు మింగిన మాత్రల అట్టలు. డాక్టరు అయిదు నిమిషములే ఇచ్చినను ఈ కాగితము అరగంట పని చేయును. మనాదికి ఇచ్చు మందు మొదటి దినమున పనిచేయదు. రెండు మొదలు నాలుగు వారములు పట్టును. బాగుపడిన తరువాతను నెలల తరబడి వేసికొనవలసియుండును. మన యొద్ద ఎక్కువమంది బాగుపడిన వారముననే మానివేసి, మూడు నెలలకు మరల పడుచున్నారు. డాక్టరు చెప్పక ఒక్క మాత్రయు మానరాదు, మందిరములో సాక్ష్యము చెప్పిన తరువాత సహితము. తిరిగి రావలసిన తేదీని చీటీమీద వ్రాయించుకొని గోడ క్యాలెండరుమీద గుర్తు పెట్టుడి. ఆ దినము వరి కోత ఉన్నను, పెండ్లి ఉన్నను, సంఘములో ఒకరు వెంట వెళ్లవలెను.